శూన్యం చెప్పిన సాక్ష్యం: 2¹²⁷−1 ప్రధానత్వ నిరూపణ చరిత్ర

ఉపోద్ఘాతం

170141183460469231731687303715884105727 అనే ముప్పైతొమ్మిది అంకెల సంఖ్య ఒక ప్రధాన సంఖ్య. ఒకటి, తాను తప్ప మరే పూర్ణసంఖ్యా దీన్ని నిశ్శేషంగా భాగించదు. రెండు యొక్క 127వ ఘాతం నుంచి ఒకటి తీసివేస్తే ఈ సంఖ్య వస్తుంది కనుక దీన్ని క్లుప్తంగా 2¹²⁷−1 అని రాస్తారు. ఇది ప్రధాన సంఖ్య అని 1876లో ఫ్రెంచి గణితజ్ఞుడు ఎడ్వార్డ్ ల్యూకా ప్రకటించాడు. ఆ తరువాత 75 సంవత్సరాలు, అంటే 1951 వరకు, మనుషులకు తెలిసిన ప్రధాన సంఖ్యలన్నిటిలో ఇదే పెద్దది. యంత్రం తోడు లేకుండా చేతిలెక్కతో తేల్చిన ప్రధాన సంఖ్యల్లో నేటికీ దీని తరువాతే ఏదైనా.

సంఖ్య పెద్దది కావడం ఒక్కటే పరిశీలనకు తగిన విషయం కాదు. ఒక సంఖ్య సంయుక్తమని నమ్మించడం తేలిక: రెండు కారణాంకాలు చూపితే చాలు, విన్నవాడు గుణించి చూసుకుంటాడు. ప్రధాన సంఖ్య అని నమ్మించాలంటే ఏమి చూపాలి? ‘కారణాంకాలు లేవు’ అన్నది ఒక అభావం. అభావాన్ని ఏ ప్రమాణంతో స్థాపించాలన్న ప్రశ్న భారతీయ దర్శనాల్లో పాతదే; మీమాంసకులు అందుకోసం అనుపలబ్ధిని ప్రత్యేక ప్రమాణంగానే అంగీకరించారు. గణితంలో అదే ప్రశ్న 2¹²⁷−1 విషయంలో చాలా పదునుగా ఎదురైంది. ఈ సంఖ్య చరిత్రను ఆ కోణం నుంచి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ల్యూకా వాడిన పరీక్షకు ఆధారమైన సంఖ్యాశ్రేణి తెలుగు ఛందస్సు చదివినవారికి మాత్రాప్రస్తారం ద్వారా పరిచితమే కాబట్టి, వివరణకు ఆ దారినే ఎంచుకోవడం జరిగింది.

ప్రస్తారంలో రెండు ఘాతాలు

ప్రతి అక్షరం గురువో లఘువో కావాలి. ఒక అక్షరం పెరిగితే రూపాలు రెట్టింపవుతాయి. ఒక పాదంలో 26 అక్షరాలుండే ఉత్కృతి ఛందంలో 2²⁶, అంటే 6,71,08,864 సమవృత్తాలు పుడతాయి. ఉక్త నుంచి ఉత్కృతి వరకు ఇరవైయారు ఛందాల వృత్తాలను కలిపితే 13,42,17,726. ఛందోగ్రంథాల్లో కనిపించే ఈ మొత్తం 2²⁷−2కు సమానం. అంటే 2²⁶−1కి రెట్టింపు. ప్రస్తారంలో మొదట వచ్చే సర్వగురు రూపాన్ని పక్కన పెడితే ఏ ఛందంలోనైనా మిగిలే రూపాల సంఖ్య రెండు ఘాతానికి ఒకటి తక్కువ. 2¹²⁷−1 అంటే 127 అక్షరాల పాదానికి ప్రస్తారం వేసి, సర్వగురువును తీసివేయగా మిగిలేది.

ఇంత పెద్ద ఘాతాలను ఒక్కొక్క రెట్టింపుగా లెక్కించనక్కరలేదని పింగళుడి ఛందఃసూత్రం ఎనిమిదో అధ్యాయం చూపింది. అక్షరసంఖ్య సరి అయితే సగం చేయాలి, బేసి అయితే ఒకటి తీయాలి; సున్నకు చేరాక వెనుదిరిగి, సగం చేసినచోట వర్గం చేయాలి, ఒకటి తీసినచోట రెట్టింపు చేయాలి. 26 నుంచి 13, 12, 6, 3, 2, 1, 0కు దిగి తిరిగి ఎక్కితే 1, 2, 4, 8, 64, 4096, 8192, 6,71,08,864 వస్తాయి. ఇరవైయారు రెట్టింపులు ఏడు మెట్లకు కుదించుకుపోయాయి. వర్గం చేస్తూ పోతే అతి కొద్ది మెట్లలో అతి దూరం వెళ్లవచ్చునన్న ఈ సూక్ష్మం ల్యూకా పరీక్షకూ ప్రాణం.

తెలుగులో ఈ కోవకు చెందిన సంఖ్య ఇంకొకటి ప్రసిద్ధం. చదరంగం బల్లమీద మొదటి గడిలో ఒక గింజ, తరువాతి ప్రతి గడిలో అంతకు రెట్టింపు చొప్పున పోస్తే 64 గళ్లకూ పట్టే గింజలు 2⁶⁴−1. అంటే 18446744073709551615. గణితసారసంగ్రహాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లనదిగా ప్రచారంలో ఉన్న చంపకమాల ఒకటి ఈ ఇరవై అంకెలను భూతసంఖ్యల్లో, కుడినుంచి ఎడమకు నడిపి, ఒక్క అంకె తప్పకుండా చెప్పింది. ఆ పద్యంలో మొదటి భూతసంఖ్యాపదమే ఐదుకు సంకేతం కనుక సంఖ్య ఐదుతో భాగింపబడుతుందని అక్కడే తెలిసిపోతుంది. నిజానికి 2⁶⁴−1 చాలా కారణాంకాలున్న సంఖ్య: 3, 5, 17, 257, 641, 65537, 6700417 – ఈ ఏడు ప్రధాన సంఖ్యల లబ్ధం. కారణం ఘాతాంకంలోనే ఉంది. 64ను విడదీయవచ్చు కాబట్టి 2⁶⁴−1నూ విడదీయవచ్చు. 26ను 2, 13లుగా విడదీయవచ్చు కాబట్టి 2²⁶−1 కూడా 8191, 8193ల లబ్ధమే. ఘాతాంకం ప్రధాన సంఖ్య కాకపోతే ఫలితం ప్రధాన సంఖ్య కాలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఈ సామ్యాలను చూపి, మెర్సెన్ సంఖ్యలు పింగళుడికే తెలుసుననడం చరిత్ర కాదు. ఛందోగణితం అడిగిన ప్రశ్న ‘ఎన్ని?’ అన్నది. ‘ఆ సంఖ్యకు కారణాంకాలు ఉన్నాయా?’ అన్నది దాని ప్రశ్న కాదు. సాధనాలు ఒకటే అయినా ప్రయోజనాలు వేరు.

మెర్సెన్ జాబితా

రెండో ప్రశ్న గ్రీకుల దగ్గర మొదలైంది. 6, 28, 496, 8128 వంటి సంఖ్యలకు, తాము తప్ప మిగిలిన భాజకాల మొత్తం తమకే సమానం. వీటిని పరిపూర్ణ సంఖ్యలన్నారు. 2¹²⁷−1 రూపంలోని సంఖ్య ప్రధానమైతే, దాన్ని అంతకు ముందరి రెండు ఘాతంతో గుణించినప్పుడు పరిపూర్ణ సంఖ్య వస్తుందని యూక్లిడ్ తొమ్మిదో పుస్తకం నిరూపించింది. ఆ తరువాత పరిపూర్ణ సంఖ్యలకోసం వెతికినవారందరూ ఈ రూపంలోని ప్రధాన సంఖ్యలకోసమే వెతికారు.

ఘాతాంకం ప్రధానమైతే చాలునన్న భ్రమ చాలాకాలం ఉండేది. 2¹¹−1 అయిన 2047 విలువ 23, 89ల లబ్ధమని తేలడంతో అది తొలగింది. ఇటలీకి చెందిన కటాల్డి 2¹⁷−1, 2¹⁹−1 ప్రధాన సంఖ్యలని సరిగానే చూపాడు కానీ, ఆపై 23, 29, 31, 37 ఘాతాంకాలనూ చేర్చుకున్నాడు. 1640లో ఫెర్మా 2²³−1ను 47, 2³⁷−1ను 223 భాగిస్తాయని చూపాడు. 29 సంగతి తరువాత ఆయిలర్ తేల్చాడు: 233, 1103, 2089ల లబ్ధం. కటాల్డి పొడిగించిన నాలుగింటిలో నిలిచింది 31 ఒక్కటే.

పారిస్‌లో మఠవాసిగా ఉంటూ యూరపులోని గణితజ్ఞులందరితో ఉత్తరప్రత్యుత్తరాలు నడిపిన మారిన్ మెర్సెన్ 1644లో ప్రచురించిన గ్రంథం పీఠికలో ఒక జాబితా ఇచ్చాడు. 257 వరకు ఘాతాంకాలలో 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257 మాత్రమే ప్రధాన సంఖ్యలనిస్తాయన్నాడు. నిరూపణ ఇవ్వలేదు. పదిహేను ఇరవై అంకెల సంఖ్య ప్రధానమో కాదో తేల్చడానికి కాలమంతా చాలదని కూడా ఆయనే అన్నాడు. అలాంటివాడు 78 అంకెల 2²⁵⁷−1 గురించి ఎలా తీర్పు చెప్పాడన్నది ఊహకు అందని విషయం. జాబితాలో ఐదు తప్పులున్నాయి: 67, 257 ఉండకూడదు, 61, 89, 107 ఉండాలి. ఇవన్నీ తేలి జాబితా పూర్తిగా పరిష్కృతం కావడానికి 1947 దాకా, అంటే 303 సంవత్సరాలు పట్టింది. తప్పులతో నిండిన జాబితాను ఇచ్చినవాడి పేరే ఆ సంఖ్యలకు శాశ్వతంగా నిలవడం మీద ఆక్షేపణలు లేకపోలేదు. అయితే మెర్సెన్ ఇచ్చింది సిద్ధాంతం కాదు, పరీక్షించదగిన పూర్వపక్షం. మూడు శతాబ్దాల గణితజ్ఞులకు పని కల్పించిన పూర్వపక్షాన్ని తక్కువ చేయలేము.

భాగహారం చాలని చోటు

1772 నాటికి ఆయిలర్ 2³¹−1, అంటే 2,14,74,83,647 ప్రధాన సంఖ్య అని స్థాపించాడు. ఆయన పద్ధతి భాగహారమే, కానీ గుడ్డి భాగహారం కాదు. 2³¹−1ను భాగించగల ఏ ప్రధాన సంఖ్య అయినా 62తో భాగిస్తే ఒకటి మిగలాలి. 8తో భాగిస్తే ఒకటో ఏడో మిగలాలి. వర్గమూలమైన 46,340 లోపల ఈ రెండు నియమాలకూ లోబడే సంఖ్యలు నాలుగు వందలకన్నా తక్కువ. వాటిలో ప్రధాన సంఖ్యలు వందలోపే. ఒక మనిషి కొన్ని రోజుల్లో ముగించగల పని. ఇంతకన్నా పెద్ద పరిపూర్ణ సంఖ్యను ఎవరూ కనుక్కోబోరని, ఉపయోగం లేని విషయం కనుక ప్రయత్నించరని కూడా 1811లో ఇంగ్లండుకు చెందిన పీటర్ బార్లో రాశాడు.

అదే పద్ధతిని 2¹²⁷−1కు వర్తింపజేస్తే పరిస్థితి వేరు. దాని వర్గమూలం ఇరవై అంకెల సంఖ్య. సెకనుకు ఒక భాగహారం చొప్పున, ఎదురైన ప్రతి సంఖ్యతోనూ భాగిస్తూ పోతే సుమారు 41,000 కోట్ల సంవత్సరాలు పడుతుంది. ఆయిలర్ వాడిన రకం నియమాలు ఇక్కడా ఉన్నాయి: భాజకాన్ని 254తో భాగిస్తే ఒకటి మిగలాలి, 8తో భాగిస్తే ఒకటో ఏడో మిగలాలి. వీటితో పని 508వ వంతుకు తగ్గుతుంది. అయినా 80 కోట్ల సంవత్సరాలు. భాజకాలను ఒక్కొక్కటిగా నిరాకరించే దారి ఇక్కడ మూసుకుపోయింది. ఇక కావలసింది భాజకాల ఊసే ఎత్తకుండా ప్రధానత్వాన్ని తేల్చగల పరీక్ష.

మాత్రాప్రస్తారం నుంచి పరీక్ష వరకు

మాత్రాఛందస్సులో లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. నాలుగు మాత్రలకు ఐదు రూపాలు: గగ, భ, జ, స, నల. కందపద్యం రాసినవారికి ఇవి కంఠస్థమే. మూడు మాత్రలకు మూడు రూపాలు, ఐదు మాత్రలకు ఎనిమిది. ఏ రూపమైనా లఘువుతోనో గురువుతోనో ముగియాలి కనుక, ఒక మెట్టులోని సంఖ్య ముందరి రెండు మెట్ల మొత్తం: 1, 2, 3, 5, 8, 13, 21, 34... విరహాంకుడు, ఆ తరువాత 12వ శతాబ్దిలో హేమచంద్రుడు ఈ నియమాన్ని ఛందస్సు సందర్భంలోనే చెప్పారు. యూరపులో ఇది 1202 నాటి లియొనార్డో గ్రంథంలో కుందేళ్ల లెక్కగా కనిపించింది. ఈ శ్రేణికి ‘ఫిబొనాచీ’ అన్న పేరును స్థిరపరచినవాడు ల్యూకాయే. భారతీయ ఛందోగ్రంథాలతో ఆయనకు పరిచయం ఉన్నట్టు ఎక్కడా ఆధారం కనబడదు.

ఏడు మాత్రలకు 21 రూపాలు. 21ని 7 భాగిస్తుంది. ఇది కాకతాళీయం కాదు. 7 అంటే 2³−1. అది ప్రధాన సంఖ్య కావడమే దీనికి కారణం. 127 మాత్రల ప్రస్తారంలోని రూపాల సంఖ్యనూ 127 నిశ్శేషంగా భాగిస్తుంది. 127 అంటే 2⁷−1. ల్యూకా కనుగొన్న సిద్ధాంతాన్ని ఛందోభాషలో చెబితే ఇలా ఉంటుంది: ఘాతాంకం, 3, 7, 127లలాగా, నాలుగుతో భాగిస్తే మూడు మిగిలే ప్రధాన సంఖ్య కావాలి. అప్పుడు రెండు ఘాతానికి ఒకటి తక్కువైన సంఖ్య ఎంతో, అన్ని మాత్రల ప్రస్తారం వేసి, వచ్చిన రూపాల సంఖ్యను దానితో భాగించాలి. శేషం సున్న కావాలి. అంతకు సరిగ్గా సగం స్థానంలోని సంఖ్యను మాత్రం అది భాగించకూడదు. (7 విషయంలో ఆ స్థానంలో ఉన్నది మూడు మాత్రల రూపాల సంఖ్య, 3.) ఈ రెండూ కుదిరితే ఆ సంఖ్య ప్రధానం, కుదరకపోతే సంయుక్తం. కారణాంకాల ప్రసక్తి లేదు.

అయితే 2¹²⁷−1 మాత్రల ప్రస్తారాన్ని మెట్టుమెట్టుగా కూడుతూ చేరడం భాగహారం కంటే అసాధ్యం. ఇక్కడ పింగళుడి వర్గీకరణ వంటి ఉపాయమే అక్కరకు వచ్చింది. 1, 3, 4, 7, 11, 18, 29, 47... అనే శ్రేణి కూడా ముందరి రెండింటిని కూడగా వచ్చేదే. దీనికి నేడు ల్యూకా పేరే ఉంది. ఇందులో రెండో స్థానంలో 3, నాలుగో స్థానంలో 7, ఎనిమిదో స్థానంలో 47 ఉన్నాయి. మూడును వర్గం చేసి రెండు తీస్తే ఏడు. ఏడును వర్గం చేసి రెండు తీస్తే నలభైయేడు. ఒక్క వర్గంతో స్థానం రెట్టింపవుతుంది. పైగా మాత్రాశ్రేణిలో ఎనిమిదో స్థానంలోని 21 అన్నది నాలుగో స్థానంలోని 3, ల్యూకా శ్రేణి నాలుగో స్థానంలోని 7ల లబ్ధం. (ఆ శ్రేణిని 1, 1, 2, 3 అని మొదలుపెట్టి స్థానాలు లెక్కించాలి.) కాబట్టి 3తో మొదలుపెట్టి 125 సార్లు వర్గం చేసి రెండు తీస్తే చాలు. ప్రతిసారీ 2¹²⁷−1తో భాగించి శేషాన్ని మాత్రం ఉంచుకోవచ్చు కనుక సంఖ్య ఎన్నడూ 39 అంకెలు దాటదు. చివర సున్న మిగిలితే 2¹²⁷−1 ప్రధాన సంఖ్య.

127 అనే చిన్న సంఖ్యమీద ఇది చేసి చూడవచ్చు. 3, 7, 47 తరువాత 2207. దాన్ని 127తో భాగిస్తే శేషం 48. 48 వర్గంలోంచి రెండు తీస్తే 2302, శేషం 16. 16 వర్గంలోంచి రెండు తీస్తే 254, శేషం 0. ఐదు వర్గాలతో 127 ప్రధాన సంఖ్య అని తేలింది.

127 వరుసల బల్ల

125 వర్గాలు. ఒక్కొక్కటి 39 అంకెల సంఖ్యను అంతే సంఖ్యతో గుణించి, 39 అంకెల సంఖ్యతో భాగించవలసిన పని. కాగితంమీద దశాంశమానంలో ఇది తప్పుల పుట్ట. ల్యూకా ఆ దారిలో పోలేదు. వరుసకు 127 గళ్లతో, 127 వరుసల చదరంగపు బల్ల వంటి దానిమీద బంట్లు జరుపుతూ ద్విసంఖ్యామానంలో లెక్క చేశాడు. ఈ పద్ధతిలోని సౌలభ్యం ఏమిటో తెలియాలంటే దాన్ని కొంత వివరంగా చూడాలి. 2¹²⁷−1 యొక్క అసలు విశిష్టత ఇక్కడే ఉంది.

మళ్లీ 127 అనే చిన్న సంఖ్యనే తీసుకుంటే, వరుసకు ఏడు గళ్లు చాలు. కుడినుంచి గళ్ల విలువలు 1, 2, 4, 8, 16, 32, 64. 48 అంటే 32, 16. ఐదో గడిలో ఒక బంటు, ఆరో గడిలో ఒక బంటు. 48ని వర్గం చేయాలంటే దాన్ని ఒకసారి 16తో, ఒకసారి 32తో గుణించి కూడాలి. 16తో గుణించడమంటే బంట్లను నాలుగు గళ్లు ఎడమకు జరపడం. ఏడో గడి దాటినవి ఏమవుతాయి? ఎనిమిదో గడి విలువ 128. 127తో భాగిస్తే ఒకటి మిగులుతుంది. కనుక ఎడమ అంచు దాటిన బంటు కుడి అంచున మొదటి గడిలో తిరిగి ప్రవేశిస్తుంది. భాగహారం అంటూ వేరే చేయనక్కరలేదు. బల్ల చుట్టూ తిరగడమే భాగహారం. నాలుగు గళ్లు జరిపితే ఒక వరుసలో రెండో, మూడో గళ్లలో బంట్లు నిలుస్తాయి. 32తో గుణించడానికి ఐదు గళ్లు జరిపితే మరో వరుసలో మూడో, నాలుగో గళ్లలో నిలుస్తాయి. ఇక నిలువుగా కూడాలి. ఒక నిలువులో రెండు బంట్లుంటే రెండూ తీసి ఎడమ పక్క నిలువులో ఒకటి పెట్టాలి. మూడో నిలువులోని రెండు పోయి నాలుగో నిలువులో ఒకటి. అక్కడ ముందే ఒకటి ఉంది కనుక ఆ రెండూ పోయి ఐదో నిలువులో ఒకటి. మిగిలినవి రెండో గడిలో ఒకటి, ఐదో గడిలో ఒకటి: 18. ఇందులోంచి రెండు తీయాలి, అంటే రెండో గడిలోని బంటును తీసేయాలి. ఐదో గడిలో ఒంటరి బంటు మిగిలింది, 16. దాన్ని వర్గం చేస్తే నాలుగు గళ్లు జరిగి, అంచు దాటి, రెండో గడిలో నిలుస్తుంది. రెండు తీయమన్న నియమం ప్రకారం ఆ బంటునూ తీసేస్తే బల్ల ఖాళీ.

గుణకారం, భాగహారం, తీసివేత అన్నీ జరపడం, తీయడం అనే రెండు క్రియలకు దిగివచ్చాయి. ఇది మెర్సెన్ రూపంలోని సంఖ్యలకు మాత్రమే ఉన్న సౌకర్యం; దానికి దగ్గరలోని మరో 39 అంకెల సంఖ్యకు ఈ చుట్టుబాటు కుదరదు. అయినా పని చిన్నది కాదు. సగటున సగం గళ్లలో బంట్లుంటాయనుకుంటే ఒక్కొక్క వర్గానికి సుమారు నాలుగు వేల బంట్లు పెట్టాలి. 125 వర్గాలకు అది ఐదు లక్షల దగ్గరకు వస్తుంది.

బల్లలు, బంట్లు, రెట్టింపులు ల్యూకాకు గణితంలోనే కాదు, వినోదంలోనూ ఇష్టమైనవి. 1883లో ఆయన తన పేరులోని అక్షరాలను తారుమారు చేసి పెట్టుకున్న మారుపేరుతో ‘హనోయ్ గోపురం’ అనే ఆటబొమ్మను బయటికి తెచ్చాడు. ఆ బొమ్మ చుట్టూ అల్లుకున్న కథలో రంగస్థలం కాశీ: అక్కడి ఆలయంలో అర్చకులు మూడు వజ్రపు సూదుల మధ్య 64 బంగారు బిళ్లలను ఒక నియమం ప్రకారం మారుస్తుంటారట, ఆ పని పూర్తయితే లోకం అంతమవుతుందట. కాశీలో అలాంటి ఆలయం లేదు. ఆ మార్పులకు పట్టే మెట్ల సంఖ్య మాత్రం నిజం: 2⁶⁴−1. చదరంగం గింజల చంపకమాలలో ఉన్న ఇరవై అంకెలే ఇవీ.

సున్న, సున్న కాని శేషం

ల్యూకా అదే 1876లో 2⁶⁷−1 ప్రధాన సంఖ్య కాదని కూడా తేల్చాడు. కానీ ఒక్క కారణాంకాన్నీ చూపలేకపోయాడు. ఆయన పద్ధతిలో చూపడం సాధ్యం కాదు. 1903 అక్టోబరులో న్యూయార్క్‌లో జరిగిన అమెరికన్ గణిత సంఘం సమావేశంలో ఫ్రాంక్ నెల్సన్ కోల్ ఆ కారణాంకాలను వెల్లడించాడు: 193707721, 761838257287. ఆయన నోరు విప్పకుండా నల్లబల్లమీద రెండు లెక్కలు చేసి కూర్చున్నాడనీ, సభ లేచి చప్పట్లు కొట్టిందనీ, ఎంతకాలం పట్టిందని అడిగితే మూడేళ్ల ఆదివారాలన్నాడనీ ప్రచారంలో ఉన్న కథకు ఆధారం ఇ. టి. బెల్ చాలాకాలం తరువాత రాసిన రచన. బెల్ కథనశక్తి ఎరిగినవారు దాన్ని యథాతథంగా స్వీకరించరు. లబ్ధం మాత్రం కాగితం కలం ఉన్న ఎవరైనా ఒక గంటలో సరిచూసుకోవచ్చు.

ఈ రెండు రకాల జ్ఞానానికీ మధ్య ఉన్న భేదం గమనించదగినది. కోల్ చూపినదానికి ఆయన నిజాయితీతో కాని, ఓర్పుతో కాని నిమిత్తం లేదు. ల్యూకా 67 గురించి చెప్పినదాన్ని నమ్మాలంటే ఆయన ఒక్క బంటునూ తప్పుగా జరపలేదని నమ్మాలి. చివర సున్న కాని శేషం వచ్చింది కనుక సంయుక్తం అన్నాడు. మధ్యలో ఎక్కడ తప్పు జరిగినా సున్న కాని శేషమే వస్తుంది. అంటే సరైన లెక్క, తప్పుడు లెక్క ఒకే ముఖంతో కనిపిస్తాయి.

127 విషయంలో ఇది తలకిందులవుతుంది. అక్కడ చివర మిగిలింది సున్న. ఒకచోట బంటు తప్పితే, ఆ తరువాత శేషాలన్నీ చెదిరిపోయి, చివరికి ఉండదగిన 170141183460469231731687303715884105727 విలువల్లో ఏదో ఒకటి వస్తుంది. అది సరిగ్గా సున్నే కావడం ఆ సంఖ్యలో ఒక వంతు అవకాశం. కనుక పొరపాటున సున్న రాదు. ల్యూకా నిజంగా లెక్క చేసి నిజంగా ఖాళీ బల్లను చూసి ఉంటే, ఆ ఖాళీయే లెక్క సరైనదనడానికి సాక్ష్యం. ప్రస్తారంలో నష్టం ద్వారా సాధించిన రూపానికి ఉద్దిష్టం చేసి మొదటి సంఖ్య తిరిగి వస్తే లెక్క సరి అని ఛాందసులు నిశ్చయించుకునేది ఇటువంటి ధైర్యంతోనే. అభావాన్ని నిరూపించలేక మొదలైన అన్వేషణ, సున్న అనే మరో అభావాన్నే భావరూపమైన ప్రమాణంగా నిలబెట్టింది.

ఈ ప్రమాణంలో ఒక లోటు మిగిలిపోయింది. పరీక్షకు ఆధారమైన సిద్ధాంతాన్ని ల్యూకా వివిధ వ్యాసాల్లో వివిధ రూపాల్లో చెప్పాడు. నిరూపణలు సంపూర్ణం కావు, కొన్నిచోట్ల ప్రకటనలే సరిగా లేవు. లెక్క సరైనదని సున్న చెబుతుంది; సున్న వస్తే ప్రధానమే అన్న సూత్రాన్ని అది చెప్పలేదు. ఆ భాగాన్ని 1930లో అమెరికాకు చెందిన డి. హెచ్. లేమర్ పూరించాడు. 3కు బదులు 4తో మొదలుపెడితే రెండుకన్నా పెద్దదైన ప్రతి ప్రధాన ఘాతాంకానికీ ఒకే పరీక్ష పనిచేస్తుందని నిరూపించాడు. నేడు వాడుకలో ఉన్న ల్యూకా–లేమర్ పరీక్ష అదే. ఈలోగా 1883లో రష్యాలో పెర్వూషిన్ 61ని, 1911, 1914లలో అమెరికాలో పవర్స్ 89నీ 107నీ చేర్చగా మెర్సెన్ వదిలినవి మూడూ బయటపడ్డాయి. 257 సంయుక్తమని 1922లో క్రైట్చిక్ చూపాడు. ఇవన్నీ 2¹²⁷−1 కన్నా చిన్న ప్రధానాలో, పెద్దదే అయినా ప్రధానం కానిదో కావడంతో దాని స్థానం చెక్కుచెదరలేదు.

1951 తరువాత

ఆ స్థానం 1951లో పోయింది. ఫ్రాన్సులో ఫెరియే బల్లమీది మీటల యంత్రంతో 44 అంకెల ప్రధాన సంఖ్యను తేల్చాడు. అదే సంవత్సరం కేంబ్రిడ్జిలో మిల్లర్, వీలర్ ఎడ్సాక్ అనే ఎలక్ట్రానిక్ కంప్యూటర్‌మీద 79 అంకెల సంఖ్యను సాధించారు. ఈ రెండోది 2¹²⁷−1ను వర్గం చేసి, 180తో గుణించి, ఒకటి కూడగా వచ్చినది. ఒక సంఖ్యకు ఒకటి తక్కువైనదాని కారణాంకాలు తెలిస్తే ఆ సంఖ్య ప్రధానత్వాన్ని తేల్చడం సులభం. 2¹²⁷−1 ప్రధానమని ముందే తెలుసు గనుక దాన్నే మెట్టుగా వాడుకున్నారు. 1952 జనవరి 30న రాఫెల్ రాబిన్సన్ రాసిన ప్రోగ్రాము ఒక్కరోజులోనే 521, 607 ఘాతాంకాలను తేల్చింది. 2024 అక్టోబరులో ప్రకటితమైన 2¹³⁶²⁷⁹⁸⁴¹−1లో 4,10,24,320 అంకెలున్నాయి. ఈ అన్వేషణ నడిపే అంతర్జాతీయ బృందం సున్న రాని చోట ఒకే లెక్కను రెండు వేరు వేరు యంత్రాలతో చేయించి చివరి శేషాలను పోల్చి చూసే పద్ధతిని దీర్ఘకాలం పాటించింది. ల్యూకా 67 విషయంలో ఉన్న సందేహానికి ఆధునికులు వెతుక్కున్న సమాధానం అది.

2¹²⁷−1 మాత్రం రికార్డు పోయాక నిరుపయోగం కాలేదు. అంచు దాటిన బంటు మొదటి గడికి తిరిగి వచ్చే గుణం కంప్యూటర్‌కూ అంతే అనుకూలం. 128 ద్విసంఖ్యా స్థానాల్లో ఒకటి గుర్తుకు పోగా మిగిలే 127లో పట్టే అతి పెద్ద సంఖ్య ఇదే. 2015లో రూపొందిన ‘ఫోర్‌క్యూ’ అనే గూఢలిపి వక్రం దీనిమీదనే లెక్కలు చేస్తుంది. భాగహారం లేకుండా శేషం దొరకడమే ఆ ఎంపికకు ముఖ్య కారణం.

ల్యూకా ప్రకటన వెలువడిన సంవత్సరమే బెల్జియంలో ఉన్న యూజీన్ కటలాన్ ఒక వరుసను గమనించాడు. రెండుతో మొదలుపెట్టి, ప్రతి సంఖ్యనూ ఘాతాంకంగా చేసి ఒకటి తీస్తూ పోతే 2, 3, 7, 127, 2¹²⁷−1 వస్తాయి. ఐదూ ప్రధాన సంఖ్యలే. ఆరోది 2¹²⁷−1ను ఘాతాంకంగా చేసి ఒకటి తీయగా వచ్చేది. దాని అంకెల సంఖ్యే 38 అంకెలది. ఆ ఆరో సంఖ్య ప్రధానమో కాదో నేటికీ తేలలేదు. ల్యూకా పరీక్ష దానికీ సిద్ధాంతరీత్యా వర్తిస్తుంది; బల్లకు 2¹²⁷−1 గళ్లు, లెక్కకు 2¹²⁷−3 వర్గాలు కావాలి.